విశాఖ చెమ్మలో కేక్ లేసు: కలపడం, పరచడం, ఆరబెట్టడం

పూతరేకులు చుట్టడం చూసినవాళ్లకు కేక్ లేసు సంగతి సగం తెలిసినట్టే. కుండ మీంచి తీసిన రేకు ఎండుటాకులా ఉంటుంది, గట్టిగా ముట్టుకుంటే పగులుతుంది. తడిగుడ్డ ఒక్క క్షణం తగలగానే మెత్తబడి ఎటు మడిస్తే అటు మడుగుతుంది. ఇంకాస్త తడి తగిలితే చేతికి అంటుకుని ముద్దయిపోతుంది. కేకు చుట్టూ కట్టే తినే లేసు కూడా అలాంటి పిండిపొరే. దానిలో మిగలాల్సిన చెమ్మ చాలా కొద్ది. అది పూర్తిగా పోతే లేసు విరుగుతుంది, ఎక్కువైతే సాగి తెగుతుంది.

విశాఖలో కష్టం ఇక్కడే మొదలవుతుంది. ముసురు పట్టిన రోజు సముద్రం వైపు కిటికీ తెరిచి ఉన్న వంటింట్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. పొడి దేశాల వీడియోల్లో చెప్పే ‘రాత్రంతా బల్ల మీద వదిలేయండి’ అనే పద్ధతి ఇక్కడ జూన్ నుంచి నవంబరు దాకా పనిచేయదు. రాత్రి పరిచిన లేసు పొద్దున్న చూస్తే ఇంకా జిగటగానే ఉంటుంది. కాబట్టి మొదట కొనాల్సింది లేసు డిజైను గాడులుగా చెక్కి ఉన్న ఖరీదైన సిలికాన్ మ్యాటు కాదు, గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు. తక్కువ ధరకే ఆన్‌లైన్లో దొరుకుతుంది. అది 55 లోపు చూపిస్తే లేసు హాయిగా ఆరుతుంది. 65 దాటితే ఓవెనో ఏసీనో ఉండాల్సిందే.

కావలసినవి

మరిగిన నీళ్లు – 60 మి.లీ.
టైలోస్ లేదా సీఎంసీ పొడి – 5 గ్రా.
కార్న్ ఫ్లోర్ – 30 గ్రా.
ఐసింగ్ షుగర్ – 10 గ్రా.
లిక్విడ్ గ్లూకోజ్ – ఒక టీస్పూను, అంటే సుమారు 7 గ్రా.
తినే గ్రేడు గ్లిజరిన్ – అర టీస్పూను
వాసన లేని రిఫైన్డ్ నూనె – అర టీస్పూను
తెల్ల జెల్ రంగు – రెండు మూడు చుక్కలు, కావాలంటే

దీంతో 100 గ్రాములకు కాస్త పైగా ముద్ద వస్తుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మ్యాటు మీద నాలుగైదు పట్టీలకు సరిపోతుంది. డిజైను గాళ్లు లోతుగా ఉంటే ఒకటి తగ్గుతుంది.

ఇందులో గుడ్డు లేదు, జెలటిన్ లేదు. ఎగ్‌లెస్ కేకు అడిగేవాళ్లకు నిశ్చింతగా ఇవ్వచ్చు. బజారులో దొరికే కొన్ని లేసు మిక్సుల్లో, మెరాంగ్ పౌడర్ కలిపే పద్ధతుల్లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. అది వాడితే కొనేవాళ్లకు ముందే చెప్పాలి, ఈ విషయంలో మొహమాటం కూడదు.

ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే తర్వాత సర్దుబాటు సులువు. సీఎంసీ మొక్కల పీచు నుంచి తయారైన జిగురు, పొరను సాగేలా పట్టి ఉంచేది ఇదే. కార్న్ ఫ్లోర్ పొరకు ఒళ్లు ఇస్తుంది. అది తెల్లటి పిండి అయి ఉండాలి, పసుపు రంగు మొక్కజొన్న పిండి కాదు. గ్లూకోజ్, గ్లిజరిన్ తేమను పట్టి ఉంచి లేసు పెళుసెక్కకుండా కాపాడతాయి. అయితే గ్లిజరిన్ గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది కనుక వానాకాలంలో అదే శత్రువవుతుంది. నూనె మ్యాటు నుంచి సులువుగా విడిపించడానికి.

గ్లిజరిన్‌ను ఋతువును బట్టి మార్చాలి. వానల్లో, తుపాను రోజుల్లో పావు టీస్పూను చాలు. డిసెంబరు, జనవరి నెలల్లోనూ, రాత్రంతా ఏసీ నడిచే గదిలోనూ ముప్పావు దాకా వెళ్లచ్చు. ఏప్రిల్, మే నెలల ఎండ చూసి గాలి పొడిగా ఉందనుకోవద్దు. ఇక్కడి ఎండాకాలం ఉక్కపోత కాలం, ఒళ్లంతా చెమట ఆరని రోజున లేసూ ఆరదు. ఆ నెలల్లో కూడా పావు, అర టీస్పూన్ల మధ్యే ఉండండి.

కేక్ సామాన్ల షాపుల్లో టైలోస్ అని, సీఎంసీ అని రెండు పేర్లతో అమ్ముతారు. ఏదైనా పర్వాలేదు, కానీ చిక్కదనం బ్రాండుకో తీరు. డబ్బా మారిస్తే మొదటిసారి ఒక చిన్న పట్టీ వేసి చూసుకోండి. 5 గ్రాములు తూచడానికి 0.1 గ్రాము చూపించే చిన్న కాటా కావాలి. చెంచా కొలత పొడి ఎంత అదిమి నింపామన్నదాన్ని బట్టి మారిపోతుంది.

కలపడం

సీఎంసీ పొడిని నేరుగా నీళ్లలో వేస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి. వాటిని ఎంత గిలక్కొట్టినా కరిగించలేం. అందుకే ముందు సీఎంసీ, ఐసింగ్ షుగర్, కార్న్ ఫ్లోర్ మూడింటినీ కలిపి రెండుసార్లు జల్లించండి. చక్కెర, పిండి రేణువులు మధ్యలో చేరి సీఎంసీ రేణువులను విడదీస్తాయి. ఇంట్లో మిక్సీ పట్టిన చక్కెర వాడితే సన్నటి జల్లెడలోంచి రావాలి. పలుకు మిగిలిన చోట లేసులో చిల్లు పడుతుంది.

నీళ్లు మరిగాక కొలవండి, ముందు కొలిచి మరిగిస్తే కొంత ఆవిరైపోతుంది. ఆ వేడినీళ్లలో గ్లూకోజ్, గ్లిజరిన్ కరిగించి, పొడిని మూడు నాలుగు విడతలుగా చల్లుతూ కలపండి. తర్వాత నూనె, రంగు. హ్యాండ్ బీటర్ అయితే తక్కువ స్పీడులో మూడు నాలుగు నిమిషాలు చాలు. వేగం పెంచితే గాలి చేరి, ఆ బుడగలు దారాల మధ్య తెగిపోయే చోట్లవుతాయి.

ముద్ద బజ్జీల పిండిలా జారకూడదు, గారెల పిండిలా నిలబడకూడదు. స్క్రేపరుతో లాగితే సాఫీగా సాగి, దాని అంచు ఎత్తగానే మెల్లగా సర్దుకోవాలి. గట్టిగా ఉంటే గోరువెచ్చని నీళ్లు ఒక్కో టీస్పూను వేసి చూడండి. పల్చనైతే పిండి కలపకుండా ముందు గంటసేపు ఆగండి, సీఎంసీ నీళ్లు పీల్చుకుని తనంతట తాను చిక్కబడుతుంది. తొందరపడి పిండి వేసినవాళ్లకు మర్నాడు రాయిలాంటి ముద్ద దొరుకుతుంది.

ఉండలు కనిపిస్తే జల్లెడలో వేసి గరిటెతో నొక్కి తీయండి. తర్వాత ముద్ద మీద గాలి లేకుండా క్లింగ్ ఫిల్మ్ అతికించి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో 8 నుంచి 12 గంటలు ఉంచండి. బుడగలు పైకి వచ్చేదీ, జిగురు పూర్తిగా ఊరేదీ ఈ సమయంలోనే. అర్జెంటు ఆర్డరు ఉన్నా రెండు గంటలకు తగ్గించకండి. వాడే ముందు అరగంట బయట పెట్టి, డబ్బా మూత మీది నీటి చుక్కలు తుడిచాకే మూత తీయండి.

పరచడం

సిలికాన్ మ్యాటు పూర్తిగా పొడిగా ఉండాలి. గాళ్లలో ఒక్క నీటి బొట్టు మిగిలినా ఆ చోట ముద్ద పల్చబడి ఆరిన తర్వాత చిరుగుతుంది. మ్యాటును ముందే అల్యూమినియం ట్రే మీద పెట్టండి. పరిచిన తర్వాత ఎత్తి మారిస్తే అది వంగి డిజైను కదిలిపోతుంది.

ఒక చివర రెండు చెంచాల ముద్ద వేసి, వంగే స్క్రేపరును పడుకోబెట్టినట్టు పట్టుకుని లాగండి. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, ఒకసారి ఏటవాలుగా. గాళ్ల మూలల్లో గాలి చిక్కుకుని ఉంటుంది, ఒకే వైపు లాగితే అది బయటికి రాదు. చివర్న స్క్రేపరును నిటారుగా పట్టి, పైన మిగిలినదంతా గీకేయండి. డిజైను గట్లు శుభ్రంగా కనిపించాలి. అక్కడ సన్నటి పొర మిగిలితే అల్లికలో ఖాళీగా ఉండాల్సిన చోట తెర కట్టినట్టు వస్తుంది. దాన్ని తర్వాత సూదితో పొడిచి తీయబోతే పక్క దారం కూడా తెగుతుంది.

డిజైను ఎంచుకునేటప్పుడు మన నరసాపురం లేసు అల్లికలు గుర్తు చేసుకోండి. మొదటిసారి చేసేవాళ్లు ఆ క్రోషె పూల వంటి లావు దారాల డిజైనుతో మొదలుపెట్టడం మంచిది. సాలెగూడులాంటి సన్నటి డిజైన్లు అందంగా ఉంటాయి కానీ చెమ్మ కాస్త అటూ ఇటూ అయితే నిలవవు.

ఆరబెట్టడం

ముద్దలో సగందాకా నీరే. అది పోయేకొద్దీ గాళ్లలో పొర కిందికి కుంగుతుంది. అందుకే రెండు పూతలు. ఒకే పూతను మందంగా వేస్తే పైన తోలు కట్టి, అడుగున పచ్చిగా మిగిలిపోతుంది.

ఓవెనులో 80 డిగ్రీల దగ్గర మొదటి పూతకు 8 నుంచి 10 నిమిషాలు. పైభాగం మెరుపు పోయి మసకగా మారగానే బయటికి తీసి, రెండో పూత పల్చగా వేసి గట్లు గీకి, మళ్లీ 10 నుంచి 12 నిమిషాలు. ఇవి మొదలుపెట్టడానికి లెక్కలు మాత్రమే. మ్యాటు లోతును బట్టీ ఆ రోజు గాలిని బట్టీ మూడు నాలుగు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది.

మన ఇళ్లలో ఉండే చాలా ఓటీజీల్లో, అంటే చిన్న కరెంటు ఓవెన్లలో, డయల్ 100 నుంచే మొదలవుతుంది. 100 పెట్టి తలుపు మూసేస్తే లేసు అంచులు వంకర తిరుగుతాయి, తెలుపు మీగడ రంగుకు మారుతుంది, అడుగున పుట్టిన ఆవిరి పైకి పొక్కులు తెస్తుంది. దీనికి ఉపాయం ఉంది. తలుపుకు చెక్క గరిటె అడ్డం పెట్టి అంగుళం సందు వదలండి. వేడి తగ్గుతుంది, ఇంకా ముఖ్యంగా ఆవిరి బయటికి పోతుంది. ఆవిరి పోకపోతే ఎంత వేడి పెట్టినా ఆరడం సాగదు. పై రాడ్డు ఆపి కింది రాడ్డు మాత్రమే వేసి, ట్రేను మధ్య అరలో పెట్టండి. ఫ్యాను ఉంటే వేయండి. డయల్ అంకెను నమ్మకుండా లోపల ఒక ఓవెన్ థర్మామీటర్ పెడితే, అసలు వేడి ఎంతో మొదటిరోజే తెలిసిపోతుంది.

ఓవెను లేనివాళ్లకు ఏసీ గది మంచి దారి. ఏసీ చల్లబరచడంతో పాటు గాలిలోంచి నీరు లాగేస్తుంది, బయట పైపులోంచి కారేది ఆ నీరే. 24 డిగ్రీలు లేదా డ్రై మోడ్ పెట్టి, తలుపులు మూసి, ఫ్యాను సన్నగా తిప్పుతూ వదిలితే 8 నుంచి 10 గంటల్లో ఆరుతుంది. ఇక్కడ కూడా రెండు పూతలే, మొదటిదానికి రెండు గంటలైనా ఇవ్వండి. గది బాగా చల్లబడ్డాక ఏసీ కంప్రెసర్ ఆగిపోతే తేమ లాగడం కూడా ఆగుతుంది, కాబట్టి మీటరు మీద ఓ కన్నేసి ఉంచండి. ఫుడ్ డీహైడ్రేటర్ ఉన్నవాళ్లు 55 డిగ్రీల దగ్గర పెట్టి అరగంట నుంచి చూసుకుంటూ పోతే చాలు, చెమ్మ ఊళ్లో దీన్ని మించిన సాధనం లేదు.

డాబా మీద వడియాల్లా ఎండబెట్టాలన్న ఆలోచన వద్దు. దుమ్ము, చీమలు సరే, ఎండలో పైపొర బిగుసుకుని అంచులు లేచిపోతాయి. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, గాలి తగిలిన చోట అలలు పడతాయి. ఇంకో జాగ్రత్త ఉంది. లేసు ఆరుతున్నంతసేపూ అదే వంటింట్లో అన్నం వార్చడం, కుక్కరు పెట్టడం, ఇడ్లీలు వేయడం మానండి. ఒక్క కుక్కరు ఆవిరితో చిన్న వంటింట్లో మీటరు అంకె ఎగిరిపోతుంది.

ఆరిందని ఎలా తెలుస్తుంది

వేడిగా ఉన్నప్పుడు చూస్తే మోసపోతారు. వేడి లేసు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. బయటికి తీసి ఐదు నిమిషాలు చల్లారనిచ్చి, అప్పుడు వేలితో తాకండి. వేలికి అంటకూడదు. ఒక మూల పావు అంగుళం ఎత్తి చూస్తే పల్చటి రబ్బరులా వంగుతూ రావాలి.

ఎత్తినచోట దారం సాగి మ్యాటులో తెల్లగా అడుగు మిగిలితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. మళ్లీ మూడు నిమిషాలు ఓవెనులో పెట్టండి, మళ్లీ చల్లార్చి చూడండి. అంచులు వాటంతట అవే లేచి, వంచితే చిటుక్కుమంటే ఎక్కువ ఆరింది. విశాఖ గాలి మేలు చేసే సందర్భం ఇదొక్కటే. ఏసీ ఆపిన వంటింట్లో పది, ఇరవై నిమిషాలు అలాగే వదిలితే గాలి తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. నీళ్లు చిలకరిస్తే మాత్రం చుక్క పడ్డచోట కరిగి చిల్లవుతుంది.

అంచులు ఆరి మధ్య పచ్చిగా మిగలడం తరచూ చూసే లోపం. వేడి ఎక్కువైనప్పుడు, లేదా స్క్రేపరు మధ్యలో వంగి అక్కడ ముద్ద మందంగా మిగిలినప్పుడు ఇలా అవుతుంది. మ్యాటు కన్నా వెడల్పైన స్క్రేపరు వాడితే రెండో కారణం పోతుంది.

విడదీసేటప్పుడు లేసును మ్యాటు నుంచి లాగకండి, మ్యాటును లేసు నుంచి ఒలవండి. బటర్ పేపరు మీద మ్యాటును బోర్లించి, ఒక చివర లేసును బల్లకు అదిమి పట్టుకుని, మ్యాటును వెనక్కి మడుస్తూ ఒలవాలి. ఇరుక్కున్న చోట పల్చటి గరిటె అంచుతో సాయం చేయండి. మధ్యలో తెగితే పారేయకండి. ఆకులు, పూలు కత్తిరించి కప్ కేకుల మీద వాడుకోవచ్చు, అతుకు మీద కప్పుకోవచ్చు.

మ్యాటు లేకపోతే

ముగ్గు చెయ్యి తిరిగినవాళ్లకు మ్యాటు తప్పనిసరి కాదు. ముద్దను కోన్‌లో నింపి, కాగితం మీద గీసిన మెలికల ముగ్గుపై పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు పరిచి, షీటుకు నూనె గుడ్డ ఒకసారి రాసి, గీతల వెంట పోయండి. గీత లావు 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, గీతలు కలిసే చోట తప్పకుండా అతుక్కోవాలి. ఇది ఏసీ గదిలోనే ఆరాలి, అలాంటి షీటు ఓవెనులో వంకరపోతుంది. చిన్న అంచులకూ, కేకు పైన మధ్య పద్మానికీ ఇది నిండుగా ఉంటుంది.

కేకు మీద అతికించడం

8 అంగుళాల కేకు చుట్టుకొలత 25 అంగుళాలు, 6 అంగుళాల దానిది 19. 40 సెంటీమీటర్ల మ్యాటు 16 అంగుళాల పట్టీ ఇస్తుంది కాబట్టి రెండింటికీ రెండు పట్టీలు కావాలి. అతుకు వెనక వైపుకో, పువ్వు కిందకో వచ్చేలా ముందే లెక్క వేసుకోండి.

ఫాండెంట్ (కేకు మీద పరిచే చక్కెర ముద్ద పొర) మీద అతికించడానికి 30 మి.లీ. నీళ్లలో పావు టీస్పూను సీఎంసీ కరిగించిన జిగురును సన్నటి బ్రష్‌తో లేసు వెనక చుక్కలు చుక్కలుగా రాస్తే చాలు. నిండా పూస్తే లేసు కరుగుతుంది. వైట్ చాకొలెట్ గనాష్ (చాకొలెట్, క్రీము కలిపిన పూత) మీద, చల్లబడిన బటర్ క్రీము మీద కూడా బాగా పట్టుకుంటుంది.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే విప్డ్ క్రీము కేకులే చిక్కు. క్రీములోని నీరు లేసులోకి పాకి, రెండు మూడు గంటల్లో దారాలు కలిసిపోయి తెల్లటి మరకలా మిగులుతుంది. ఇలాంటి కేకులకు లేసు వెనక కరిగించిన కోకో బటర్ పల్చగా పూసి ఆరనివ్వండి, అది నీటిని అడ్డుకుంటుంది. ఇవ్వబోయే ముందు చివరి గంటలోనే అతికించండి. ఆ పూత వేయలేకపోతే విప్డ్ క్రీము కేకుకు లేసు ఒప్పుకోకపోవడమే మేలు.

ఫ్రిజ్‌లోంచి తీసిన కేకుకు ఇక్కడి గాలి తగలగానే చెమట పడుతుంది, ఆ చెమటకు లేసు జారుతుంది. కేకును అట్టపెట్టెలోనే, మూత తీయకుండా గది వేడికి రానివ్వండి. నీటి చుక్కలు పెట్టె మీద పడతాయి, కేకు మీద కాదు. భీమిలి దారిలో సముద్రం పక్కన తెరిచి ఉన్న వేదికల్లో పెళ్లికో నిశ్చితార్థానికో కేకు అడిగితే, లేసును విడిగా పెట్టెలో తీసుకెళ్లి అక్కడే అతికించడం మంచిది. వేదిక మీద పెట్టే సమయం కూడా కనుక్కుని వెళ్లండి.

రంగు, నిల్వ, మ్యాటు

ముద్దలో జెల్ రంగులే వాడాలి, నీళ్ల రంగులు పల్చబరుస్తాయి. ఉప్పాడ చీర అంచులా బంగారు జరీ రావాలంటే ఆరిన లేసు మీద పొడి బ్రష్‌తో లస్టర్ డస్ట్ అద్దండి. డబ్బా మీద తినదగినదని స్పష్టంగా రాసి ఉండాలి. ‘విషం కాదు’ అని మాత్రమే రాసి ఉన్న మెరుపు పొడి తినడానికి కాదు, అలంకరణకు మాత్రమే.

నిల్వకు ఒక్కో పట్టీ మధ్య బటర్ పేపరు వేసి, బల్లపరుపుగా, జిప్ కవర్లో పెట్టి, దాన్ని గాలి చొరని డబ్బాలో ఉంచండి. డబ్బాలో ఒక చిన్న సిలికా జెల్ పొట్లం వేయండి. నాలుగైదు వేస్తే లేసు పెళుసెక్కుతుంది. వెలుతురు తగలని అల్మరాలో మూడు వారాలు బాగుంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, బయటికి తీసిన నిమిషంలోనే తడిసిపోతుంది. మిగిలిన పచ్చి ముద్ద ఫ్రిజ్‌లో వారం ఉంటుంది.

మ్యాటును గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెడితే మిగిలిన పొర దానంతట అదే ఊడుతుంది. గట్టి బ్రష్, స్క్రబ్బర్ వాడితే గాళ్ల అంచులు గీతలు పడి, మరుసటిసారి లేసు సరిగ్గా ఆ గీతల దగ్గరే ఇరుక్కుంటుంది. సబ్బు పోయేదాకా కడిగి, గుడ్డతో అద్ది, ఫ్యాను కింద బోర్లించి ఆరబెట్టండి. మడిచి పెట్టకుండా చుట్టినా, పరిచినా సరే.